దెనా కనబడితే తొందరపడకు

చిరంజీవికి,

నీ ఉత్తరం అందింది. అరామిక్ (దానియేలు, ఎజ్రా గ్రంథాల్లో కొంత భాగం రాసిన భాష) మొదలుపెట్టావని, ‘దెనా’ అంటే ‘ఈ’ అని నోట్‌బుక్కులో రాసుకున్నావని చదివి నవ్వొచ్చింది. సెమినరీలో నేనూ అలాగే రాసుకుని మాస్టారికి అడ్డంగా దొరికిపోయాను.

దానియేలు 2:36 తియ్యి. ‘దెనా హెల్మా’ అని ఉంటుంది. హెల్మా అంటే కల. ‘ఈ కల’ అని ధీమాగా చదివాను. ‘సరే, ఈ కల ఏమైంది?’ అన్నారు మాస్టారు. ఏమీ కాలేదు! తర్వాత ఉన్నది ‘దాని భావం చెబుతాం’ అనే వేరే మాట. అప్పటికి తట్టింది: దానియేలు కల చెప్పడం ముగించి ‘కల ఇది’ అంటున్నాడు.

ఇప్పుడు నాలుగో అధ్యాయం. మన తెలుగు బైబిల్లో 18వ వచనం, హీబ్రూ ముద్రణలో 15. (ఈ తేడా తెలియక ఓ రాత్రంతా వెతికాను.) అక్కడా అవే రెండు మాటలు. కానీ పక్కనే ‘హజేత్’, అంటే ‘చూశాను’, అనే క్రియ ఉంది. కాబట్టి అది ‘ఈ కల’. చూసినవాడు బబులోను రాజు నెబుకద్నెజరు.

మనకి ‘ఈ’ వేరు, ‘ఇది’ వేరు. వాళ్లకి రెండూ దెనాయే. అందుకే దాని చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి, ముందు క్రియ ఎక్కడుందో వెతుక్కో. ఎజ్రా 5:3లో ‘బైతా దెనా’, ‘ఈ మందిరం’ అన్నట్టు నామవాచకం తర్వాత వస్తే పెద్దగా టెన్షన్ ఉండదు. ముందొస్తేనే తిప్పలు.

ఇక లింగం. బెల్షస్సరు రాజు గోడ మీద రాస్తున్న చేతిని చూసి వణికినప్పుడు (దానియేలు 5:6) మోకాళ్లు ‘దా లెదా’ కొట్టుకున్నాయి. మాటకి మాట పెడితే ‘ఇది దీనికి’. మనమైతే ‘ఒకదానికొకటి’ అంటాం. మోకాలు అరామిక్‌లో స్త్రీలింగం, అందుకే ‘దా’. అదే 2:43లో, ఇనుమూ మట్టీ పోలిక దగ్గర, కలిసి అతకనివాళ్లని చెప్పేటప్పుడు ‘దెనా ఇమ్ దెనా’. అది పుంలింగం. తెలుగులో ఈ తేడా కనబడదు కాబట్టి మనవాళ్లు దీన్ని ఇట్టే దాటేస్తారు.

‘ఆ’ అనడానికి ఎజ్రాలో దేఖ్, దాఖ్ ఉన్నాయి. దానియేలులో ‘దిక్కేన్’ మూడే చోట్ల వస్తుంది, అదీ లింగభేదం లేకుండా. వాటిని ఎదురైనప్పుడు చూసుకో, ఇప్పుడు బట్టీ పట్టకు.

ఒక పని చెప్తాను. యిర్మీయా గ్రంథమంతటిలో అరామిక్ వచనం ఒక్కటే, 10:11. దాని చివరి మాట ‘ఏల్లె’, దెనాకి బహువచనం. అది పక్కనున్న ఆకాశానికి అంటుకుని ‘ఈ ఆకాశం’ అవుతుందా? లేక దూరంగా ఉన్న దేవతలను చూపిస్తూ ‘ఇవి నశిస్తాయి’ అంటుందా? పండితులు రెండు రకాలుగానూ చదివారు. నీకేమనిపిస్తుందో, ఎందుకనిపిస్తుందో వచ్చే ఉత్తరంలో రాయి.

నీ బాబాయి