రియాక్ట్‌లో (వెబ్ పేజీలు కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) సెర్చ్ బాక్స్ ఖాళీ చేసినా పూర్తి లిస్టు ఎందుకు తిరిగి రాదు?

ఫిల్టర్ చేసిన ఫలితాన్ని అసలు లిస్టు ఉన్న స్టేట్‌లోనే (రియాక్ట్ గుర్తుంచుకునే డేటా) సేవ్ చేయడం వల్ల. అసలు డేటాను ముట్టుకోకుండా, సెర్చ్ పదాన్ని వేరే స్టేట్‌లో ఉంచి, రెండర్ అయ్యేటప్పుడే, అంటే స్క్రీన్‌పై ఏం చూపాలో రియాక్ట్ లెక్కించేటప్పుడే, ఫిల్టర్ చేస్తే ఈ సమస్య రాదు.

జావాస్క్రిప్ట్‌లోని ఫిల్టర్ మెథడ్ పాత అరేను (లిస్టును) మార్చదు, సరిపోయిన ఐటమ్స్‌తో కొత్త అరే ఇస్తుంది. ఆ కొత్తదాన్ని తీసుకెళ్లి పాతదాని స్థానంలో పెట్టేది మన కోడే.

లిస్టులో హైదరాబాద్ మెట్రో స్టేషన్లు అమీర్‌పేట, బేగంపేట, మలక్‌పేట, కూకట్‌పల్లి, మియాపూర్ ఉన్నాయనుకోండి. ‘పేట’ అని టైప్ చేస్తే మూడు మిగులుతాయి. ఆ మూడింటినే స్టేట్‌లో సెట్ చేశారా, తర్వాత ‘పల్లి’ అని వెతికితే ఏమీ రాదు. కూకట్‌పల్లి అప్పటికే స్టేట్‌లోంచి పోయింది. సెర్చ్ బాక్స్ ఖాళీ చేసినా ఆ మూడే కనిపిస్తాయి.

ప్రతి అక్షరానికీ ఫిల్టర్ నడిస్తే పేజీ స్లో అవుతుందన్న టెన్షన్‌తో చాలామంది ఫలితానికి ఇంకో స్టేట్, దానికో యూజ్‌ఎఫెక్ట్ (రెండర్ తర్వాత నడిచే కోడ్) పెడతారు. అక్కర్లేదు. కొన్ని వందల ఐటమ్స్‌కి ఆ పని చాలా చిన్నది, పైగా ఎఫెక్ట్ వల్ల ఒక రెండర్ అదనం. వేలల్లో ఉండి నిజంగానే స్లో అయితే లెక్కించిన ఫలితాన్ని దాచిపెట్టుకునే యూజ్‌మెమో వాడండి. రియాక్ట్ లాంటిదే అయిన వ్యూ (Vue) ఫ్రేమ్‌వర్క్‌లో అయితే ఇదే పనికి కంప్యూటెడ్ ప్రాపర్టీ ఉంది.