టీ టైములో దాక్కోకు

అమ్మణ్ణీ,

ఐర్లండ్‌లోని గాల్వేలో జరిగే ఐరిష్ స్టడీస్ (ఐర్లండ్ సాహిత్యం, చరిత్రల చదువు) సదస్సుకు నీ పేపర్ తీసుకున్నారని నిన్న మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పక్కింటావిడకు రెండుసార్లు చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. నువ్వూ నాలాంటిదానివే, కొత్తవాళ్ల ముందు నోరు పెగలదు.

ముందు చిన్నవి. ఇరవై నిమిషాలిస్తే పద్దెనిమిదిలో ముగించు. అక్కడి గాలికి గొడుగు నిలవదు, టోపీ ఉన్న రెయిన్‌కోటు కొనుక్కో. పొరపాటున కూడా ఐర్లండ్‌ను కలిపి 'బ్రిటిష్ దీవులు' అనకు, వాళ్లకు నచ్చదు. వీసా ఉంది కదా అని బెల్‌ఫాస్ట్ బస్సెక్కేయకు. సరిహద్దులో ఎవరూ ఆపరు, కానీ అది బ్రిటన్ కింద ఉన్న ఊరు. నీ వీసా మీద బి.ఐ.వి.ఎస్. అన్న అక్షరాలు ఉన్నాయో లేదో చూసుకో, అవి ఉంటేనే ఆ ఐరిష్ వీసా అక్కడా చెల్లుతుంది. ఊరగాయ నేను పెడతాను.

ఇక నాకు టెన్షన్ పెట్టే సంగతి. 1990లలో నేను డబ్లిన్‌లో పేపర్ చదివాను, మార్గరెట్ కజిన్స్ మీద. రాస్‌కామన్ జిల్లా బాయిల్‌లో పుట్టింది, ఆడవాళ్ల ఓటుహక్కు కోసం జైలుకెళ్లింది, 1915లో భర్తతో మన దేశానికి వచ్చి మదనపల్లెలో ఉంది. 1919లో టాగూర్ అక్కడి కాలేజీకి వచ్చినప్పుడు జనగణమనకు స్వరాలు రాసింది ఆవిడే. నేను ఇదంతా ఆ దంపతుల ఆత్మకథ చదివే రాశాను. చప్పట్లు బాగానే పడ్డాయి.

అప్పుడు వెనక వరసలోంచి ఒక ముసలాయన లేచాడు. చరిత్ర మనిషి. "మదనపల్లెలో ఇప్పటికీ ఆవిడ గురించి ఏమనుకుంటారు?" అన్నాడు. మన ఊరినుంచి మదనపల్లె బస్సులో గంటన్నర. నేను ఆ కాలేజీ గేటు కూడా చూడలేదు. ఆ సిగ్గు కోపమైంది. "నా పని అచ్చులో ఉన్న పుస్తకాలతో" అని టక్కున అన్నాను. తెల్లవాళ్లు నన్ను పల్లెటూరి దాన్ని చేసి ఆడిస్తున్నారనుకున్నాను, పిచ్చిదాన్ని. టీ విరామమంతా బాత్రూములో నిలబడ్డాను.

సాయంత్రం రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర నాకు ఆ ముసలాయన రాసిన చీటీ ఉంది. బాయిల్ దగ్గర తెలిసినవాళ్ల ఇంట్లో పాత ఉత్తరాలు కొన్ని ఉన్నాయనీ, కావాలంటే తీసుకెళ్లి చూపిస్తాననీ. చదివి మడిచి పుస్తకంలో పెట్టేశాను.

చాలా రోజులకు తెలిసింది ఆయన ఆత్రమేమిటో. 1922 జూన్ 30న, ఐర్లండ్ అంతర్యుద్ధంలో, డబ్లిన్‌లో ఫోర్ కోర్ట్స్ అనే కోర్టుల భవనం పక్కనున్న రికార్డుల భవనం కాలిపోయింది. శతాబ్దాల కాగితాలు బూడిదయ్యాయి. అందుకని అక్కడి చరిత్రకారుడికి ఎవరింటి ట్రంకుపెట్టెలో ఉత్తరమైనా, ఎక్కడో మదనపల్లెలో ముసలమ్మ చెప్పే మాటైనా విలువే. ఆయన నన్ను పరీక్షించలేదమ్మా, అడుక్కున్నాడు. రెండేళ్ల తర్వాత ఆయనకు ఉత్తరం రాశాను. జవాబు రాలేదు.

అమెరికాలో 1960లో ఐరిష్ స్టడీస్ సంఘం పెట్టినప్పటినుంచీ ఈ సదస్సుల్లో సాహిత్యం వాళ్లూ చరిత్ర వాళ్లూ కలిసే కూర్చుంటున్నారు. మంచి ప్రశ్న ఎప్పుడూ పక్కశాఖ నుంచే వస్తుంది, వినేటప్పుడు మాత్రం తప్పు పట్టినట్టే ఉంటుంది. నువ్వు 1913లో డబ్లిన్ ఆబీ థియేటర్ ఆడిన టాగూర్ నాటకం మీద రాస్తున్నావు. నీకు తెలిసింది నాటకరంగం. ఆ ప్రదర్శన డబ్బు ఐరిష్ స్వాతంత్ర్య నాయకుడు పియర్స్ నడిపిన బడికి పోయింది కదా, ఆ బడి గురించి ఎవరో ఒకరు అడుగుతారు. తెలియకపోతే తెలియదని చెప్పు, ఆ మనిషినే పట్టుకుని టీ తాగు. నీకు టీ నచ్చకపోయినా సరే, కప్పు పట్టుకుని నిలబడు.

మన హైదరాబాద్ పిల్లలు కనపడితే వాళ్లతోనే మూడు రోజులూ తిరిగి రావద్దు. అలా చేశావని తెలిస్తే నేను మాట్లాడను. రెండు రోజులు.

వెళ్లేముందు ఒకసారి ఊరికి రా. పొద్దున్నే బస్సెక్కి మదనపల్లె పోదాం. నేనింకా ఆ కాలేజీ చూడలేదు, సిగ్గుగా ఉంది. వచ్చేటప్పుడు మార్కెట్‌లో టమాటాలు తీసుకుందాం, అక్కడ చవక.

మీ పిన్నమ్మ