తేలికైన రైఫిల్ అడిగారు సరే, బరువైనది పట్టి చూశారా?

ప్రశ్న: "మాది ఉద్దానంలో జీడి, కొబ్బరి తోట. అడవి పందులు, కుందేళ్ళు, ఉడతలతో విసిగిపోయాం. మా అన్నయ్య అమెరికాలో .22 రిమ్‌ఫైర్ రైఫిల్ వాడతాడు. అలాంటిదే, భుజాన వేసుకుని తిరగడానికి బరువు లేనిది ఏది తీసుకుంటే మంచిది? వాడినవాళ్ళు చెప్పండి."

వాడినవాణ్ణే కాబట్టి చెబుతున్నాను. విజయనగరంలో చదువుకునే రోజుల్లో ఎన్‌సీసీ క్యాడెట్‌ని. తర్వాత కాలేజీలో పాఠాలు చెబుతూ, ఎన్‌సీసీ ఆఫీసర్‌గా పిల్లల్ని ఫైరింగ్‌కి తీసుకెళ్ళేవాణ్ణి. వేటకి మాత్రం ఎప్పుడూ వెళ్ళలేదు. అయినా వేట రైఫిల్ ఎలా ఉండాలన్న విషయంలో నా అభిప్రాయాలు చాలా గట్టివి, ముందే చెబుతున్నాను.

మీ ప్రశ్నలో నాకు నచ్చనిది "బరువు లేనిది" అన్న మాట. రైఫిల్ కొనేవాళ్ళు కొట్టులో దాన్ని ఒంటిచేత్తో ఎత్తి చూసి "అబ్బ, పువ్వులా ఉంది" అని మురిసిపోతారు. గురి కుదిరేది ఆ బరువు వల్లేనని కాల్చినప్పుడు గానీ తెలీదు.

ఎన్‌సీసీలో మాకు రెండు రకాల .22 బోరు రైఫిళ్ళు ఉండేవి. పాతది నంబర్ టూ మార్క్ ఫోర్. 45 అంగుళాల పొడవు, 8 పౌండ్ల 10 ఔన్సుల పైచిలుకు బరువు, అంటే నాలుగు కిలోలకి కాస్త తక్కువ. రెండోది డీలక్స్. 43 అంగుళాలు, 6 పౌండ్ల 2 ఔన్సులు, మూడు కిలోల లోపే. పేరే డీలక్స్ కదా, పిల్లలంతా దానికోసం ఎగబడేవారు.

ఒకసారి క్యాంపులో, ఊరి బయట కొండ కింద ఫైరింగ్ పెట్టాం. ఇసుక బస్తాలు, పాతిక గజాల దూరంలో టార్గెట్, మనిషికి ఐదు రౌండ్లు. గజపతినగరం వైపు నుంచి వచ్చిన ఒక పిల్ల ఉండేది, గాలొస్తే ఎగిరిపోయేంత సన్నం. లైన్లో వెనక నిలబడింది కాబట్టి డీలక్స్‌లు అయిపోయి, పాత బరువు రైఫిల్ ఆమె వంతుకొచ్చింది. పక్కన డీలక్స్ దొరికించుకున్న కుర్రాడు కబడ్డీ ఆటగాడు, చేతులు రోకళ్ళు. "సార్, నాకూ డీలక్స్ ఇప్పించండి" అని ఆ పిల్ల నా వైపు చూసింది. మా ఉస్తాద్, అంటే ఫైరింగ్ నేర్పే ఆయన, గఢ్వాలీ హవల్దారు, ఇలాంటివి వినిపించుకోడు. "లేట్ జావ్" (పడుకో) అన్నాడు, అంతే.

కాల్చాక టార్గెట్లు తెప్పించి చూశాం. కుర్రాడి కాగితం మీద బొక్కలు తలో దిక్కూ పోయాయి. ఆ పిల్లవి ఐదూ ఒకచోటే, రూపాయి బిళ్ళ పెడితే కనపడకుండా పోయేలా ఉన్నాయి. ఉస్తాద్ ఆ కాగితాన్ని ఎండకెత్తి పట్టుకుని, బరువైనది ఊరికే ఊగదని హిందీలో ఏదో గొణిగాడు. ఊపిరి తీసినా, ట్రిగ్గర్ కాస్త మొరటుగా లాగినా తేలిక రైఫిల్ మూతి వెంటనే పక్కకి పోతుంది. బరువైనది మన తప్పుల్ని కొంత మింగేస్తుంది. బోర్లా పడుకుని బస్తా మీద పెట్టి కాల్చినప్పుడే అలా ఉంటే, తోటలో నిలబడి ఆయాసపడుతూ కాల్చినప్పుడు ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఆ రోజు కథ అక్కడితో అయిపోలేదు. లెక్క చూస్తే ఒక ఖోఖా తగ్గింది. ఖోఖా అంటే కాల్చేశాక మిగిలే ఖాళీ ఇత్తడి గొట్టం, చిటికెనవేలి గోరు కంటే కాస్త పెద్దది. ఇచ్చిన రౌండ్లు ఎన్నో అన్ని ఖోఖాలూ తిరిగి జమ కావాలి, లేకపోతే ఎవరూ కదలడానికి లేదు. పిల్లలంతా వరసగా మోకాళ్ళ మీద కూర్చుని ఇసుక జల్లెడ పట్టారు. భోజనాల వేళ దాటిపోయింది. చివరికి కబడ్డీ కుర్రాడికి కుడిపక్కన పడుకున్న ఒక బొబ్బిలి కుర్రాడు నెమ్మదిగా బెల్టు వదులు చేసుకుంటే, చొక్కాలోంచి అది రాలింది. బోల్ట్ వెనక్కి లాగగానే ఎగిరి, వీడి కాలర్‌లోంచి లోపలికి జారిపోయింది. నడుము దగ్గర చిన్న బొబ్బ. కాలుతుంటే చెప్పవేరా అంటే, "ఏటైనా కదలొద్దన్నారు కదా సార్" అన్నాడు. ఖాళీ గొట్టానికే ఇంత ఉంటే, నిండు తూటాల పెట్టె ఇంట్లో పెట్టుకునేవాడికి ఎంత బాధ్యత ఉండాలో చూసుకోండి. ఇక్కడేమో పెళ్ళి ఊరేగింపుల్లో గాల్లోకి కాల్చి, వీడియోలు పెట్టుకునేవాళ్ళు తయారయ్యారు. .22 తూటాల అట్టపెట్టె మీదే మైలున్నర దూరం వరకూ ప్రమాదం అని రాసి ఉంటుంది. ఉద్దానంలో మైలున్నర అంటే మీ తోట, పక్కవాడి తోట, ఆ పక్కన ఊరూ అన్నీ అందులోకే వస్తాయి.

మీ అన్నయ్య సంగతికి వద్దాం. అమెరికాలో మా అల్లుడి దగ్గర కూడా ఒకటుంది, రూగర్ 10/22. 1964 నుంచి వస్తున్న మోడల్, పది తూటాల గుండ్రటి మ్యాగజైన్, మామూలు కార్బైన్ (పొట్టి రకం) అయితే సుమారు 5 పౌండ్లు. స్నేహితుడి పొలంలో కుందేళ్ళ కోసం కొన్నాడట. టెక్సస్ వెళ్ళినప్పుడు నన్నూ అక్కడికి తీసుకెళ్ళాడు. తీరా అక్కడికెళ్ళాక, విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళు తుపాకీ ముట్టుకోవడానికి రూల్స్ అడ్డొస్తాయి మామయ్యగారూ అని నన్ను మడత కుర్చీలో కూర్చోబెట్టాడు. పిల్లలకి కాల్చడం నేర్పినవాణ్ణి, కోక్ డబ్బాలకి కాపలా కూర్చున్నాను.

కూర్చున్నవాడికి బాగా కనిపిస్తుంది. అల్లుడు నిలబడి యాభై గజాల్లో డబ్బాని కొట్టడానికి నానా తంటాలూ పడ్డాడు. స్నేహితుడిది సీజెడ్ కంపెనీ రైఫిల్, దళసరి బారెల్, ఒక్కో గుండుకీ చేత్తో బోల్ట్ లాగాలి. దాన్ని కంచె స్తంభానికి ఆనించి, తొందరపడకుండా ఒక్కో డబ్బానే పడగొట్టాడు. అల్లుడు ఇప్పటికీ ఒప్పుకోడు. పొలమంతా తిరిగేది నేనా మీరా అంటాడు. తిరిగేవాడికి బరువు భారమే, కాదనను. కానీ కేటలాగ్‌లో 5 పౌండ్లని ఉన్నా దాని మీద స్కోప్, మౌంటు, పట్టీ బిగించాక తూకం వేయండి, ఆ సంబరం సగం తగ్గుతుంది.

బరువు తగ్గించుకోవాలంటే పొట్టి బారెల్ తీసుకోమనండి, సన్నటిది వద్దు. .22 లాంగ్ రైఫిల్ తూటాలో మందు కొంచెమే. 16, 18 అంగుళాల బారెల్లోనే దాదాపు అంతా కాలిపోతుంది. అంతకంటే పొడవు పెంచితే వేగం పెద్దగా పెరగదు. అదే డబ్బు మంచి ట్రిగ్గర్ మీద పెట్టొచ్చు. తూటాలు కూడా ఒకే కంపెనీవి కట్టలు కట్టలు కొనకూడదు. నాలుగు రకాలు చిన్న పెట్టెలు తెచ్చి, ఆ రైఫిల్‌కి ఏది నప్పుతుందో కాగితం మీద చూసుకోవాలి. ఒకటి నప్పితే ఇంకొకటి చెల్లాచెదురుగా పోతుంది, రిమ్‌ఫైర్‌లో ఇది మరీ ఎక్కువ. మందు అంటుకునే రసాయనం అడుగు అంచులోనే ఉంటుంది కాబట్టి అప్పుడప్పుడు పేలకుండా ఆగిపోతుంది కూడా. అప్పుడు మూతి టార్గెట్ వైపే ఉంచి కాసేపు ఆగాలి, వెంటనే బోల్ట్ లాగకూడదు.

దూరం విషయానికొస్తే, 40 గ్రెయిన్ల (గుండు బరువుకి వాడే కొలత) గుండు యాభై గజాలకి గురి కుదిర్చితే, వంద గజాల దగ్గర అరడజను అంగుళాల పైనే కిందికి దిగిపోతుంది. కుందేలు, ఉడత లాంటి వాటికి డెబ్భై గజాల లోపే దీని మర్యాద. ఇంకా దూరం కావాలనేవాళ్ళ కోసం 2002లో .17 హెచ్‌ఎంఆర్ అనే ఇంకో రిమ్‌ఫైర్ తూటా వచ్చింది. 17 గ్రెయిన్ల చిన్న గుండు, సెకనుకి 2,550 అడుగుల వేగం. పొలాల్లో బొరియలు తవ్వే జంతువులకి అక్కడ దాన్నే వాడతారు. తినడానికి కొట్టేవాళ్ళకి మాత్రం అది పనికిరాదు, మాంసం ఛిద్రం చేసేస్తుంది.

ఇదంతా అక్కడి ముచ్చట. మీది ఉద్దానం. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం మన దగ్గర సరదా వేట అన్నదే లేదు. కుందేలుని కొట్టినా కేసే. నాకు తెలిసి మీ తోటలో ఆ చట్టం రక్షణ లేనివి ఎలుకలే, వాటికి రైఫిలెందుకు? అడవి పందుల విషయంలో ప్రభుత్వం ప్రత్యేకంగా అనుమతిస్తేనే. బిహార్‌కీ, ఉత్తరాఖండ్‌కీ కేంద్రం అలా కొన్నాళ్ళు ఇచ్చింది. అది రైతు తనంతట తాను తీసుకునేది కాదు. లైసెన్స్ కూడా అంతే. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్ చూడండి. పంట రక్షణకి అంటూ అది చెప్పేది మూతిలోంచి మందు కూరే తుపాకీని. .22 రైఫిల్ పేరు అందులో ఉంది గానీ, గుర్తింపు ఉన్న రైఫిల్ క్లబ్ సభ్యుడు టార్గెట్ ప్రాక్టీసు చేసుకోవడానికి. ఎయిర్‌గన్ .177 బోరు, గుండు శక్తి 20 జౌళ్ళ లోపు అయితే లైసెన్స్ అక్కర్లేదు, నిజమే. దానితో పిట్టని కొడితే మాత్రం వన్యప్రాణి చట్టం అలాగే వర్తిస్తుంది. తేలినీలాపురంలో గూడబాతుల్ని, ఎర్రకాళ్ళ కొంగల్ని ఊరివాళ్ళు ఇంటి ఆడపడుచుల్లా చూసుకుంటారు. ఆ జిల్లాలోనే ఎయిర్‌గన్ పట్టుకుని చెరువుగట్ల మీద తిరిగే కుర్రాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది. సరదా తీరకపోతే పైడితల్లి పండగలో బెలూన్లు కొట్టుకోవచ్చు. ఆ తుపాకీల సైటు వంకరే, అది వేరే బాధ.

చట్టం పక్కన పెట్టినా, .22తో అడవి పందిని కొట్టకూడదు. తోలు కింద ఎక్కడో గుండు ఆగిపోయి, గాయపడ్డ పంది పొదల్లో దూరుతుంది. మర్నాడు జీడిపిక్కలు ఏరడానికి వచ్చిన ఆడవాళ్ళ మీదికి అదే దూకుతుంది. మీ వైపు ఎలుగుబంట్లు కూడా ఉన్నాయి. 2022 జూన్‌లో కిడిసింగిలో ఎలుగు మనుషుల మీద పడ్డ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. చీకట్లో పొద కదిలింది కదా అని పంది అనుకుని కాల్చి, అక్కడ ఎలుగు ఉంటే?

ఇక కరెంటు తీగలు. పందుల కోసమని లైనుకి కొక్కెం వేసి తోట చుట్టూ తీగ లాగేవాళ్ళ గురించి ఎంత తిట్టినా తక్కువే. రాత్రి నీళ్ళు కట్టడానికి వెళ్ళిన రైతులే దానికి బలవుతున్నారు. సోలార్ కంచె అది కాదు. దానికి కరెంటు పంపే పెట్టె, ఎనర్జైజర్, సెకనుకొకసారి లెక్కగా చిన్న షాక్ ఇస్తుంది, పంది బెదిరి వెనక్కి పోతుంది, చావదు. కింది తీగ నేలకి జానెడు ఎత్తులోనే ఉండాలి. లేకపోతే పంది మూతితో ఎత్తుకుని లోపలికొచ్చేస్తుంది. తీగ కింద గడ్డి ఎప్పటికప్పుడు కోయాలి, తగిలితే షాక్ నేలలోకి పోతుంది. జరిగిన నష్టానికి ఫొటోలు తీసి అటవీశాఖ వాళ్ళకి వెంటనే రాతపూర్వకంగా ఇవ్వండి, నోటిమాటగా చెప్పి ఊరుకోకండి.

రైఫిల్ మీద మోజే అయితే క్లబ్‌లో చేరండి, ఇంట్లో కాలేజీకెళ్ళే పిల్లలుంటే ఎన్‌సీసీలో చేర్పించండి. మీ తోట ఏ మండలమో కింద రాయండి. మందస, కంచిలి వైపైతే సోలార్ కంచె వేసుకున్న నా పాత స్టూడెంట్లు ఉన్నారు, వెళ్ళి చూసి ఖర్చు కనుక్కోవచ్చు.