ఎగ్జిమా ఉన్న పాపకు ఆటల కిట్: వాయిదాల మీద కొనొచ్చా?

ప్రశ్న: మా పాపకు ఆరేళ్లు. రెండో ఏట నుంచి ఎగ్జిమా ఉంది. దురద ఎక్కువైన రోజుల్లో రాత్రి నిద్ర ఉండదు, పొద్దున బడి ఉండదు. చదువులో వెనకబడుతోందని టెన్షన్‌గా ఉంది. ఆటలతోనే పాఠాలు నేర్పి, గోకే అలవాటు కూడా మాన్పిస్తుందంటూ ట్యాబ్‌తో కలిపి ఒక కిట్ అమ్ముతున్నారు. దాని ధర మాకు నెలకు మిగిలే డబ్బుకు 4 రెట్లు. వడ్డీ లేకుండా 12 వాయిదాలంటున్నారు. రెండో ఏడాది నుంచి చందా వేరు. వాయిదాల్లో తీసుకోమంటారా, అత్యవసరాలకు దాచుకున్నది తీసి ఒకేసారి కట్టేయమంటారా?

జవాబు: రెండూ వద్దు. ఈ నెలకైతే అసలే వద్దు.

మీరిచ్చిన లెక్క ప్రకారం నెల మిగులులో మూడో వంతు ఏడాది పొడవునా ఈ ఒక్కదానికే పోతుంది. వడ్డీ లేదన్న చోట ప్రాసెసింగ్ ఫీజు ఉందేమో చూడండి. రొక్కం ఇస్తే ధర తగ్గిస్తారా అని కూడా అడగండి. తగ్గిస్తామంటే ఆ తేడానే మీరు కట్టబోయే వడ్డీ. ఇక దాచుకున్న డబ్బు జోలికి వెళ్లకండి. గోకిన చోట చర్మం పగిలి ఇన్ఫెక్షన్ వస్తే డాక్టరు ఫీజు, మందులు, మీలో ఒకరికి సెలవు అన్నీ ఒకే వారంలో వచ్చి పడతాయి. ఆ డబ్బు ఉన్నది అందుకే.

ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఈ కిట్ మీ కంటపడింది పాప రాత్రంతా గోక్కున్న మర్నాడేనా? ఎగ్జిమా ఒకే తీరున ఉండదు. పెరుగుతుంది, తగ్గుతుంది, మళ్లీ పెరుగుతుంది. బాగా ముదిరిన వారంలో ఏది కొన్నా, ఆ తర్వాత ఎటూ కాస్త నెమ్మదిస్తుంది కాబట్టి పేరు దానికే దక్కుతుంది. అందుకని ముదిరిన వారంలో మందులు తప్ప ఇంకేమీ కొనొద్దని చెబుతుంటాను.

ఖరీదైనవి పనికొస్తాయన్న భరోసా కూడా లేదు. బ్రిటన్‌లో పిల్లల మీదే జరిగిన ట్రయల్స్ ఉన్నాయి. ఇంటి నీళ్లను మెత్తబరిచే యంత్రం మామూలు చికిత్సకు అదనంగా మేలు చేయలేదని 2011లో, ప్రత్యేకమైన పట్టు లోదుస్తులు కూడా అంతేనని 2017లో, స్నానం నీళ్లలో కలిపే నూనెలతో చెప్పుకోదగ్గ తేడా లేదని 2018లో తేలింది. నాకు బాగా నచ్చింది 2022లో వచ్చినది. 550 మంది పిల్లలకు లోషన్, క్రీమ్, జెల్, ఆయింట్‌మెంట్ అనే నాలుగు రకాల మాయిశ్చరైజర్లలో ఒక్కొక్కరికి ఒక్కో రకం ఇచ్చి చూస్తే ఏదీ మిగతావాటికంటే గొప్పగా పనిచేయలేదు. పాప పేచీ పెట్టకుండా రాయించుకునేదే మంచి మాయిశ్చరైజర్.

డబ్బు ముందు వెళ్లాల్సింది అక్కడికే. ఎగ్జిమా ఉన్న పిల్లలకు మాయిశ్చరైజర్ వారానికి 250 నుంచి 500 గ్రాముల దాకా పట్టొచ్చు. అంటే 100 గ్రాముల ట్యూబు మూడు రోజులు కూడా రాదు. ట్యూబు ధర కాదు, గ్రాము ధర చూడండి. పెద్ద పంపు సీసా సాధారణంగా కలిసొస్తుంది. డబ్బా అయితే చేత్తో కాకుండా శుభ్రమైన చెంచాతో తీయండి.

ఇక ఆటలు. మీ పాపకు ఆట చేయాల్సిన పనులు రెండే: క్రీమ్ రాసేటప్పుడు కదలకుండా కూర్చోబెట్టడం, దురద పుట్టినప్పుడు చేతులకు వేరే పని పెట్టడం. రెండింటికీ ట్యాబ్ అక్కర్లేదు. కాళ్ల మీద మాయిశ్చరైజర్ చుక్కలు పెట్టి లెక్కపెట్టమనండి, మీరు రెండు తుడిచేసి ఎన్ని మిగిలాయో అడగండి. చుక్కలు కలుపుతూ అక్షరం రాయించండి. డాక్టరిచ్చిన స్టెరాయిడ్ క్రీమ్‌కు ఒక కొలత ఉంది: పెద్దవాళ్ల చూపుడువేలి కొస నుంచి మొదటి గీత వరకు పిండితే దాదాపు అర గ్రాము, అది వేళ్లతో సహా పెద్దవాళ్ల రెండు అరచేతులంత మేరకు సరిపోతుంది. ‘ఈ మోకాలికి అమ్మ అరచేతులు ఎన్ని పడతాయి?’ అంటే చాలు, కొలతల పాఠం మొదలైనట్టే. దురద పుట్టగానే పిడికిళ్లు గట్టిగా బిగించి 30 లెక్కపెట్టి, ఆ తర్వాత దురద ఉన్న చోట గోకకుండా వేలితో అదిమి పట్టడం గోకుడు అలవాటు మాన్పించడానికి నేర్పే పద్ధతే. ఆరేళ్ల పాపకు అది అంకెల ఆట కూడా. స్లైమ్ మాత్రం తేవొద్దు. ఇంట్లో చేసే స్లైమ్‌లలో చాలావాటికి బోరాక్స్ కలుపుతారు, చేతుల చర్మం మండుతుంది.

అయినా కిట్ మీద మనసు పోకపోతే ఒక పరీక్ష పెట్టుకోండి. డాక్టర్లు వాడే పోయెం అనే ప్రశ్నావళి ఉంది. గడిచిన వారంలో దురద, నిద్ర చెడడం, రక్తం, రసి కారడం, పగుళ్లు, పొట్టు రాలడం, పొడిబారడం ఎన్ని రోజులు ఉన్నాయని ఏడు ప్రశ్నలు అడుగుతుంది. స్కోరు గరిష్ఠంగా 28. నాలుగు వారాలు రాయండి, స్కోరుకు తగినన్ని గళ్లకు పాపతోనే రంగు వేయించండి. ఆ నాలుగు వారాలూ మాయిశ్చరైజర్, డాక్టరిచ్చిన మందులు, ఈ ఇంటి ఆటలు మాత్రమే. వాయిదా కట్టాల్సిన మొత్తాన్ని అదే తేదీకి వేరే ఖాతాలో వేయండి. గళ్లు తగ్గుతూ వస్తే కిట్ అవసరమే లేకపోవచ్చు. తగ్గకపోతే ఆ డబ్బుతో ముందు చర్మ వైద్యుడి దగ్గరికి వెళ్లండి, కిట్ సంగతి తర్వాత.

చదువు వెనకబడడం నిజమైన ఇబ్బందే, కాదనను. దానికి మాత్రం పాఠాల చందా ఒక్కటే, నెలనెలా, ఎప్పుడంటే అప్పుడు ఆపుకునేలా ఇస్తారేమో కనుక్కోండి. ఆటోపే పెట్టకుండా ప్రతి నెలా మీరే కట్టండి. ఏడాదికి తక్కువ కుదరదంటే ఫోన్ పెట్టేయండి.