మొదటిసారి సింఫనీ కచేరీకి వెళ్తున్నావు కదా

చిన్నీ,

టికెట్ దొరికిందని విని చాలా సంతోషించాను. ఏం కట్టుకోవాలి, ఎప్పుడు చప్పట్లు కొట్టాలి అని నీకెందుకంత టెన్షన్? రెండు గంటలు హాయిగా కూర్చోగలిగే బట్టలు ఏవైనా సరే. దానికి బదులు ఈ వారంలో అక్కడ వాయించబోయే బీథోవెన్ ఐదో సింఫనీని, అంటే ఆర్కెస్ట్రా అంతా కలిసి వాయించే ఆ పెద్ద రచనని, రెండుమూడుసార్లు విను, అందులో ఒక్కసారైనా చేతిలో ఇంకే పనీ పెట్టుకోకుండా. ముందే పరిచయమైన స్వరాలు ఎదురుగా అంతమంది చేతుల్లోంచి పుడుతుంటే కలిగే ఆనందం వేరు.

అరగంట ముందే చేరుకో, ఆలస్యమైతే ఒక రచన పూర్తయ్యేదాకా చాలాచోట్ల తలుపు బయటే ఆపేస్తారు. పైగా శ్రుతి చేసుకోవడం నువ్వు వినాలి. ఓబో అనే ఊదే వాయిద్యం ఒక్కటే ఒక స్వరం పట్టుకుంటుంది, సెకనుకు సుమారు 440 కంపనాలు, మిగతావాళ్ళందరూ వచ్చి దాంట్లో కలుస్తారు. ఇన్నేళ్ళయినా నాకు ఆ క్షణంలో ఒళ్ళు పులకరిస్తుంది. వచ్చింది వేరే ఊరి ఆర్కెస్ట్రా కాబట్టి హాలు వాళ్ళకీ కొత్తే, సాధారణంగా ఆ రోజే కాసేపు వాయించి చూసుకుంటారు, అందుకని మొదటి రచన అంతగా పట్టుకోకపోతే నిరాశపడకు, నీ చెవికి కూడా కాస్త టైమ్ ఇవ్వు.

1808లో వియన్నాలో మొదటిసారి వాయించిన ఆ సింఫనీలో నాలుగు భాగాలున్నాయి. మూడో భాగం చివర ధ్వని తగ్గి తగ్గి దాదాపు ఊపిరంత అవుతుంది, కింద టింపనీ అనే పెద్ద డ్రమ్ములు మెల్లగా మోగుతూనే ఉంటాయి, అక్కడినుంచి ఆగకుండా పెరిగి నాలుగో భాగంలోకి బద్దలవుతుంది. అప్పటిదాకా చేతులు కట్టుకుని కూర్చున్న ట్రాంబోన్లనే పొడవాటి ఇత్తడి వాయిద్యాల వాళ్ళు మొదటిసారి వాయించేది అక్కడే. ఆ కాస్త ముందు వాళ్ళవైపు చూడు.

ఇక చప్పట్లు. భాగానికీ భాగానికీ మధ్య కొట్టరు, కానీ ఇది ఎప్పటినుంచో ఉన్న నియమమేం కాదు, 1778లో పారిస్‌లో తన సింఫనీ మధ్యలోనే జనం చప్పట్లు కొట్టారని స్వరకర్త మోజార్ట్ ఆనందంగా ఇంటికి రాసుకున్నాడు. నేనూ ఒకసారి చైకోవ్‌స్కీ ఆరో సింఫనీలో, మూడో భాగం అంత జోరుగా ముగిస్తే అయిపోయిందనుకుని కొట్టేశాను, వెంటనే ఆ విషాదమైన ఆఖరి భాగం మొదలైంది. ఆ దుఃఖంలోకి దిగడానికి కావలసిన నిశ్శబ్దాన్ని నేనే చెడగొట్టానని చాలా రోజులు బాధపడ్డాను. అప్పటినుంచీ ముందు నిలబడి ఆర్కెస్ట్రాను నడిపించే కండక్టర్ చేతులే చూస్తాను. అవి పూర్తిగా దిగి ఆయన మనవైపు తిరిగాక కొట్టు, పొరపాటున ముందే కొట్టినా కుంగిపోకు.

ఫోన్ పూర్తిగా ఆపేయి, వైబ్రేషన్ కూడా వినిపిస్తుంది.

ఇంటికొచ్చాక ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి, ట్రాంబోన్లు లేవడం చూశావో లేదో నాకు చెప్పాలి.

మీ పెద్దమ్మ