మలేరియా తగ్గినా బాబుకు రక్తం పెరగడం లేదు... ప్లీహం తీయించాలా?

ప్రశ్న: మా బాబుకు ఆరేళ్లు. దసరా సెలవుల్లో పాడేరు దగ్గర మా చెల్లెలి ఇంటికి వెళ్లి వచ్చాక చలిజ్వరం పట్టుకుంది. రక్తపరీక్షలో వైవాక్స్ మలేరియా అని తేలింది. మూడు రోజులు మాత్రలు వాడాక జ్వరం పోయింది. వారం దాటినా పిల్లవాడు పాలిపోయి, నీరసంగా ఉన్నాడు. హిమోగ్లోబిన్ 7.8 ఉంది. స్కాన్‌లో ప్లీహం 11.5 సెంటీమీటర్లు అని రాశారు. ఆ ప్లీహమే రక్తాన్ని తినేస్తోందని, ఆపరేషన్ చేసి తీసేస్తారని తెలిసినవాళ్లు భయపెడుతున్నారు. మా అత్తగారేమో కడుపులో బల్ల పెరిగింది, వాత పెట్టించమంటున్నారు. ఐరన్ టానిక్ మొదలుపెట్టమంటారా?
- ఒక తల్లి, విజయవాడ

జవాబు: అమ్మా, ముందుగా ఆపరేషన్ మాట మరచిపోండి. వాత మాట అసలే వద్దు. కాలిన చోట చీము పట్టడం తప్ప దానివల్ల ఒరిగేది ఏమీ లేదు.

ప్లీహం రక్తాన్ని తినేస్తోందన్న మాటలో కొంత నిజం లేకపోలేదు. అయితే ఎందుకు తింటోందో తెలిస్తే మీ భయం సగం తగ్గుతుంది. ఎడమవైపు పక్కటెముకల కింద ఉండే ఈ అవయవం రక్తాన్ని నిరంతరం తనిఖీ చేస్తూ ఉంటుంది. ఎర్ర రక్తకణం వ్యాసం 7 నుంచి 8 మైక్రాన్లు. ప్లీహంలో అది దూరి వెళ్లవలసిన సందుల వెడల్పు ఒకటి రెండు మైక్రాన్లకు మించదు. ఆరోగ్యంగా ఉన్న కణం ఒళ్లు వంచి, సాగి అవతలికి జారిపోతుంది. మలేరియా క్రిమి చేరిన కణం అంత సాఫీగా దాటలేదు. దానిని ప్లీహం పట్టుకుని నాశనం చేస్తుంది. కొన్నిసార్లు కణాన్ని చంపకుండా లోపలి క్రిమిని మాత్రమే లాగేసి, కణాన్ని తిరిగి రక్తంలోకి వదులుతుంది కూడా.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, మలేరియా సమయంలో ప్లీహం అతి జాగ్రత్తకు పోతుంది. క్రిమి సోకని కణాలు కూడా కాస్త బిరుసెక్కితే చాలు, వాటినీ వదలదు. వైవాక్స్‌లో క్రిమి సోకిన ఒక్కో కణానికి, సోకని కణాలు 30కి పైగా నశిస్తాయని అంచనా. మరోపక్క ఎముక మజ్జ కొత్త కణాల తయారీని మందగింపజేస్తుంది. నష్టం ఎక్కువ, రాబడి తక్కువ. అందుకే జ్వరం తగ్గిన తర్వాత కూడా వారం పాటు హిమోగ్లోబిన్ ఇంకాస్త పడిపోవడం మేము చూస్తూనే ఉంటాం. క్రిములు పూర్తిగా పోతే నాలుగు నుంచి ఆరు వారాల్లో అది కోలుకుంటుంది, ప్లీహమూ క్రమంగా తగ్గుతుంది. మీ బాబు వయసుకు ప్లీహం దాదాపు 10 సెంటీమీటర్ల లోపు ఉండాలి. 11.5 అంటే పెరిగినట్టే కానీ కంగారు పడేంత కాదు.

పైగా ప్లీహం లేని పిల్లలకు మలేరియా వస్తే ప్రాణం మీదికి రావచ్చు. న్యుమోనియా, మెదడు పొరల వాపు కలిగించే కొన్ని బాక్టీరియాలు కూడా వాళ్ల మీద విరుచుకుపడతాయి. కొన్ని వారాల్లో తనంతట తగ్గేదాన్ని కోసి తీయడం ఎందుకు?

ఇక మీరు రాయని సంగతి ఒకటి నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తోంది. మూడు రోజుల మాత్రలు అన్నారు. అవి బహుశా క్లోరోక్విన్. వైవాక్స్ క్రిమి కాలేయంలో నిద్రాణంగా దాక్కుని, నెలల తర్వాత మళ్లీ లేస్తుంది. దాన్ని అక్కడే చంపడానికి ప్రైమాక్విన్ అనే మాత్ర మన దేశంలో 14 రోజులు ఇస్తారు. జ్వరం పోయింది కదా అని చాలా ఇళ్లలో దీన్నే మధ్యలో ఆపేస్తారు. మీ చీటీలో ఆ పేరు ఉందేమో చూడండి. లేకపోతే రాసిన డాక్టరునే అడగండి, మీరుగా కొని వేయకండి. దీనికి ముందు జీ6పీడీ అనే ఎంజైము తగినంత ఉందో లేదో చూసే రక్తపరీక్ష చేయించడం మంచిది. ఆ ఎంజైము లోపం ఉన్న పిల్లలకు ఈ మాత్ర ఎర్ర కణాలను చిట్లగొడుతుంది. మాత్ర వాడుతుండగా మూత్రం డికాక్షన్ రంగులో వస్తే వెంటనే ఆపి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఐరన్ టానిక్‌కు ఇప్పుడే తొందర లేదు. ప్లీహం నాశనం చేసిన కణాల్లోని ఇనుము బయటికి పోదు, ఒంట్లోనే ఉంటుంది. ఇన్‌ఫెక్షన్ సమయంలో హెప్సిడిన్ అనే హార్మోను పెరిగి, పేగుల నుంచి ఇనుము రక్తంలోకి చేరకుండా అడ్డుకుంటుంది. ఇప్పుడు తాగించిన టానిక్‌లో చాలా భాగం మలంలోనే పోతుంది. అలాగని మన పిల్లల్లో ఇనుము లోపం లేదని కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో ఐదేళ్లలోపు పిల్లల్లో 60 శాతానికి పైగా రక్తహీనత కనిపించింది. మూడు నాలుగు వారాలాగి హిమోగ్లోబిన్ మళ్లీ చూసి, అవసరమైతే అప్పుడు మొదలుపెట్టవచ్చు. ఈలోగా ఆకుకూర పప్పు, గుడ్డు, తినే అలవాటుంటే కార్జం పెట్టండి. అన్నంతో టీ ఇవ్వకండి.

నెల దాటినా హిమోగ్లోబిన్ పెరగకపోతే మలేరియా ఒక్కటే కాకపోవచ్చు. తలసీమియా, సికిల్ సెల్ అనే పుట్టుకతో వచ్చే రక్తజబ్బులు, నులిపురుగుల కోసం పరీక్షించాల్సి ఉంటుంది.

రోజూ పగటి వెలుగులో బాబు అరచేతిని మీ అరచేతి పక్కన పెట్టి చూడండి. మరీ తెల్లబడినా, ఆయాసం, విపరీతమైన నిద్రమత్తు, మళ్లీ చలిజ్వరం, ఎడమవైపు ఉన్నట్టుండి తీవ్రమైన నొప్పి వచ్చినా రాత్రయినా ఆగకుండా పెద్దాసుపత్రికి వెళ్లండి.

పెరిగిన ప్లీహానికి దెబ్బ తగిలితే పగిలే ప్రమాదం ఉంది. పొట్ట నొక్కి నూనె రాయడం వద్దు. బడికి పంపవచ్చు గానీ కబడ్డీ, గోడలెక్కడం, సైకిలు పందేలు మాత్రం, డాక్టరు మళ్లీ పొట్ట తడిమి చూసి సరే అనేదాకా ఆపండి. టీచరుకు కూడా ఒక చీటీ రాసి ఇవ్వండి.

- పిల్లల వైద్య నిపుణులు, గుంటూరు