టెన్షన్ వల్ల నిజంగా తలనొప్పి వస్తుందా?

మీ తమ్ముడి వయసు 23, బెంగళూరు మారతహళ్ళిలో పీజీ హాస్టల్‌లో ఉంటాడు, సాయంత్రమయ్యేసరికి తల పట్టేస్తుంది, స్కాన్ తీయించాలా అని అడిగారు.

టెన్షన్ వల్ల తలనొప్పి రావడం నిజమే. ఒత్తిడిలో ఉన్నప్పుడు మనకు తెలియకుండానే మెడ, భుజాలు, దవడ కండరాలు బిగుసుకుంటాయి. అది రోజూ జరుగుతుంటే మెదడు కూడా చిన్న నొప్పిని పెద్దదిగా పట్టుకోవడం మొదలెడుతుంది. తల చుట్టూ తుండుగుడ్డ బిగించి కట్టినట్టు రెండువైపులా ఉంటే అది ఎక్కువగా ఈ రకమే. ఒకవైపు పోట్లు పొడుస్తూ, వాంతి వచ్చేలా ఉండి, వెలుతురు పడకపోతే మైగ్రేన్ అనుకోవాలి. తమాషా ఏమిటంటే, కొందరికి మైగ్రేన్ వారమంతా ఊరుకుని శనివారం వస్తుంది. ఒత్తిడి ఒక్కసారిగా తగ్గడం కూడా దాన్ని రేపుతుంది.

ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌ని మనం మార్చలేం. కానీ టిఫిన్ మానేసి కాఫీతో నెట్టుకురావడం, రాత్రి 2 దాకా ఫోన్ చూడటం మార్చుకోవచ్చు. నాకైతే అసలు కారణం నిద్ర చాలకపోవడమే అనిపిస్తుంది.

మాత్రల సంగతి జాగ్రత్త. పారాసెటమాల్ లాంటివైనా నెలలో 15 రోజులు, అలా మూడు నెలలు దాటి వాడితే ఆ మాత్రలే తలనొప్పి తెస్తాయి.

స్కాన్ అందరికీ అక్కర్లేదు. ఉన్నట్టుండి భరించలేని నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకోవడం, చూపు మసకబారడం, చేయీకాలూ పట్టు తప్పడం ఉంటే మాత్రం వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మనసు బరువుగా ఉందంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయమనండి, తెలుగులోనూ మాట్లాడతారు.